పల్లె ముంగిటికి ఉపశమన చికిత్స: దూరవైద్యం పాత్ర, పరిమితులు

నయం కాని వ్యాధితో మంచాన పడిన రోగిని పట్టణ ఆసుపత్రి నుండి ఇంటికి పంపే సమయంలో బంధువులకు వినిపించే మాట దాదాపు అంతటా ఒక్కటే: "ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకువెళ్ళండి." పత్రికలు దీనినే "వైద్యులు చేతులెత్తేశారు" అని వ్రాస్తుంటాయి. వ్యాధిని నయం చేయలేకపోవడం వేరు, బాధను తగ్గించలేకపోవడం వేరు. మొదటిది సాధ్యం కానప్పుడు కూడా రెండవది చాలావరకు సాధ్యమే. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, పుండ్లు, వీటితోపాటు రోగిని, కుటుంబాన్ని కుంగదీసే భయం, అప్పు, ఒంటరితనం, వీటన్నింటిని పట్టించుకునే వైద్య విభాగమే పాలియేటివ్ కేర్‌గా వ్యవహరించబడుతున్న ఉపశమన చికిత్స.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ చికిత్స అవసరమవుతుండగా, వారిలో సుమారు 14 శాతం మందికి మాత్రమే అది అందుతున్నది. అందనివారిలో అత్యధికులు అల్పాదాయ, మధ్యాదాయ దేశాల ప్రజలే. ఇది కేవలం ఆఖరి రోజులకు ఉద్దేశించినదన్న అభిప్రాయం వైద్య వర్గాలలోనూ కొంత ఉన్నది. అది సరికాదు. వ్యాధి నిర్ధారణ అయిన నాటి నుండే, అసలు చికిత్సతోపాటే, దీనిని ప్రారంభించవలసి ఉంటుంది.

భారత ప్రభుత్వం 2012లో జాతీయ ఉపశమన చికిత్సా కార్యక్రమాన్ని రూపొందించింది. అనంతరం ఉప కేంద్రాల స్థాయిలో అందించవలసిన 12 రకాల సమగ్ర ప్రాథమిక ఆరోగ్య సేవలలో వృద్ధుల సంరక్షణతోపాటు ఉపశమన చికిత్సను కూడా చేర్చింది. కాగితంపై ఈ సేవ గ్రామం వరకు చేరినట్లే. అయితే ఈ విభాగంలో శిక్షణ పొందిన వైద్యులు నగరాలలో ఉన్నారు, రోగి మంచం గ్రామంలో ఉన్నది. ఈ రెండింటి మధ్య దూరాన్ని టెలిఫోను, వీడియో ఎంతవరకు తగ్గించగలవన్నదే ప్రస్తుత ప్రశ్న.

దూరం అంటే ఏమిటి?

శ్రీకాకుళం జిల్లానే ఉదాహరణగా తీసుకోవచ్చును. ఉత్తర కోస్తాలో చుట్టను నిప్పు వైపు నోటిలో ఉంచుకుని కాల్చే 'అడ్డపొగ' అలవాటు, ముఖ్యంగా మహిళలలో, తరతరాలుగా ఉన్నది. నోటి పైకప్పుకు వచ్చే కాన్సర్‌కు దీనితో ఉన్న సంబంధాన్ని పరిశోధకులు దశాబ్దాల క్రితమే గుర్తించారు. అదే జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో, కారణం ఇంకా పూర్తిగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వేలాది కుటుంబాలను పీడిస్తున్నది. ఈ రెండు వ్యాధులలోనూ ముదిరిన దశలో రోగికి కావలసినది నెలకొకసారి చూసే పెద్ద డాక్టరు కన్న, వారానికి రెండుసార్లు పలకరించి మందు సరిచేసే మనిషి.

ఇచ్ఛాపురం పరిసరాల నుండి విశాఖపట్నం రెండు వందల కిలోమీటర్లకు పైమాట. నోటి పుండుతో ద్రవాహారం కూడా మింగలేని వృద్ధురాలిని జీపులోనో, రైలు జనరల్ పెట్టెలోనో అంతదూరం తీసుకువెళ్ళడం, తోడుగా వచ్చినవారు రెండు రోజుల కూలి వదులుకోవడం, అక్కడ వరుసలో నిరీక్షించి పది నిమిషాల సంప్రదింపుతో తిరిగి రావడం, ఇదంతా నొప్పిని తగ్గించే ప్రయత్నంలో భాగమే అయినా ఆ ప్రయాణమే నొప్పిని పెంచుతుంది. పైగా ఈ జిల్లా నుండి చెన్నై, హైదరాబాద్ నగరాలకు కూలి పనులకు, గుజరాత్ తీరానికి చేపల వేటకు వెళ్ళే యువకులు అధికం. ఇంటివద్ద రోగితో ఉండేది సాధారణంగా భార్య, కోడలు, లేదా మరొక వృద్ధురాలు. ఆసుపత్రికి తీసుకువెళ్ళగల మనిషి ఊరిలో ఉండడు.

దూరవైద్యం విషయంలో తెలుగు నేలకు అనుభవం కొత్త కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000 సంవత్సరం మార్చిలో గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రం ప్రారంభమైనది. నాడు ఉపగ్రహ సంధానం, ప్రత్యేక గది, ప్రత్యేక పరికరాలు కావలసి వచ్చాయి. సి-డాక్ మొహాలీ విభాగం రూపొందించిన ఈ-సంజీవనిని ఆరోగ్య కేంద్రాల మధ్య సంప్రదింపుల కొరకు 2019 నవంబరులో మొట్టమొదట అమలులోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. దేశవ్యాప్తంగా ఈ సంప్రదింపులు 2023 ఫిబ్రవరి నాటికే 10 కోట్లు దాటాయి. ఉప కేంద్రంలోని సామాజిక ఆరోగ్య అధికారి, ఆంధ్రప్రదేశ్‌లో ఎం.ఎల్.హెచ్.పి.గా సుపరిచితులైనవారు, రోగిని ఎదురుగా ఉంచుకుని హబ్‌లోని వైద్యునితో వీడియోలో మాట్లాడిస్తారు. ఉపశమన చికిత్సకు ఈ ఏర్పాటులో చేయవలసిన మార్పు ఒక్కటే, కాని ముఖ్యమైనది: రోగి ఉప కేంద్రానికి రాలేడు కనుక ఫోనే రోగి మంచం వద్దకు వెళ్ళాలి.

నొప్పికి ఎన్ని పేర్లు

వైద్యుడు చేతితో తాకి చూడలేని స్థితిలో ఆయనకు మిగిలేది మాట. ఈ విషయంలో తెలుగు భాష వైద్యునికి గొప్ప సహాయకారి. పోటు, సలుపు, మంట, తీపు, గుంజుడు, మెలిపెట్టడం, తిమ్మిరి, సూదులతో గుచ్చినట్లుండడం, ఇవన్నీ ఒకే నొప్పికి పర్యాయపదాలు కావు. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్లుండడం అని రోగి చెబితే అది నరాలకు సంబంధించిన నొప్పి కావచ్చును. దానికి సాధారణ నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు, అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ వంటి మందులు అవసరమవుతాయి. ఎడతెగని సలుపు, కదిలితే ఎక్కువయ్యే పోటు ఎముకకు వ్యాధి సోకిందనడానికి సూచన కావచ్చును. ఉండి ఉండి మెలిపెట్టే నొప్పి పేగులది. రోగి మాట్లాడే యాస తెలిసిన వైద్యుడు ఫోనులో ఐదు నిమిషాలలో గ్రహించగలిగే తేడాను, "పెయిన్ ఉందా, లేదా" అని మాత్రమే అడిగే అపరిచితుడు అరగంటలో కూడా గ్రహించలేడు. హబ్‌లలో వైద్యులను నియమించేటప్పుడు ఈ అంశానికి తగిన ప్రాధాన్యం ఇవ్వవలసి ఉన్నది.

నొప్పి తీవ్రతను సున్న నుండి పది వరకు అంకెలలో కొలవడం వైద్యుల పద్ధతి. ఆ లెక్క అలవాటు లేని వృద్ధులను "నొప్పి రూపాయికి ఎన్నణాలున్నదమ్మా?" అని అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలరు. నిన్న పన్నెండణాలు ఉన్నది నేడు ఆరణాలైతే మందు పనిచేస్తున్నట్లు. రాత్రి నిద్ర పట్టిందా, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, విరేచనం అయి ఎన్ని రోజులైంది, అన్నం కాకపోయినా గంజి దిగుతున్నదా, ఈ ప్రశ్నలు వేసి సమాధానాలు పుస్తకంలో వ్రాయడానికి ఏ.ఎన్.ఎం. చాలు. ఆమె ఆ పుస్తకాన్ని వైద్యునికి చదివి వినిపిస్తే సగం పరీక్ష పూర్తయినట్లే.

వీడియో అత్యధికంగా ఉపయోగపడేది పుండ్ల విషయంలో. నోటి, రొమ్ము కాన్సర్లలో బయటకు పగిలిన పుండు నుండి వచ్చే దుర్వాసన రోగిని ఇంటిలోనే వెలివేసినంత పని చేస్తుంది. మనుమలు దగ్గరకు రారు, రోగి తానే తలుపు వేసుకుంటాడు. మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడిచేసి శుభ్రపరచిన పుండుపై చల్లితే వాసన చాలావరకు తగ్గుతుంది. ఖర్చు స్వల్పం. పుండును చూపించి, ఎలా కడగాలో, గుడ్డ ఎలా కట్టాలో, పడక పుండ్లు రాకుండా రెండు గంటలకొకసారి ఎలా ఒత్తిగిలించాలో కోడలికి వీడియోలోనే నేర్పించవచ్చును. ఆయాసంతో ఉన్న రోగికి ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను గాని, విసనకర్ర గాని ఉపయోగిస్తే ఉపశమనం కలుగుతుందన్న సలహా వినడానికి సామాన్యంగా ఉన్నా, తెల్లవార్లూ కూర్చుని ఊపిరికోసం పెనుగులాడే మనిషికి అది అమూల్యమైనది.

మూత్రపిండాల రోగుల విషయంలో ఫోను సలహా ప్రాణాపాయాన్ని సైతం తప్పించగలదు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే సాధారణ నొప్పి మాత్రలలో పెక్కు మూత్రపిండాలకు హానికరం. మార్ఫిన్ కూడా వీరి శరీరం నుండి సకాలంలో బయటకు పోక పేరుకుని, అతినిద్ర, కండరాల అదురు కలిగిస్తుంది. డయాలసిస్ వద్దనుకున్న, లేదా ఇక చేయించుకోలేని వృద్ధ రోగికి దురద, వికారం, ఆయాసం తగ్గించడమే చికిత్స. ఏ మందు, ఎంత మోతాదు అన్నది అనుభవమున్న వైద్యుడు నిర్ణయించవలసినదే.

ఫోనుపై ఆధారపడరాని సందర్భాలు కూడా ఉన్నాయి. కాన్సర్ రోగికి హఠాత్తుగా కాళ్ళు పట్టు తప్పి, మూత్రం బిగిస్తే వెన్నుపాముపై ఒత్తిడి పడుతున్నట్లు భావించాలి. గంటల వ్యవధిలో ఆసుపత్రికి చేర్చకపోతే ఆ కాళ్ళు తిరిగి రావు. కీమోథెరపీ తీసుకుంటున్నవారికి తీవ్ర జ్వరం, ఆగని రక్తస్రావం ఇదే కోవలోనివి. మూత్రపు గొట్టం మార్చడం, పొట్టలో చేరిన నీరు తీయడం మనిషి వచ్చి చేయవలసిన పనులు. 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు సైతం అత్యవసర స్థితిలో దూరవైద్యాన్ని ప్రథమ చికిత్స, సలహా, ఆసుపత్రికి పంపడం వరకే పరిమితం చేశాయి.

ఫోనులో రాని మందు

ఈ మార్గదర్శకాలలోనే ఉపశమన చికిత్సకు కీలకమైన మరొక నిబంధన ఉన్నది. మాదకద్రవ్యాల చట్టం పరిధిలోని మందులను దూరవైద్య సంప్రదింపు ద్వారా వ్రాయరాదు. అంటే మార్ఫిన్‌ను ఫోనులో గాని, వీడియోలో గాని వ్రాయడానికి వీలులేదు. తీవ్రమైన కాన్సర్ నొప్పికి ప్రధానమైన మందు మార్ఫినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో ప్రకటించిన మూడు మెట్ల విధానంలో పై మెట్టు అదే. కనుక దూరవైద్యం గురించి ఎంత చెప్పినా, మార్ఫిన్ గ్రామానికి చేరే మార్గం లేని చోట అది ఓదార్పు మాటగా మిగిలిపోతుంది.

నిబంధన వెనుక ఉన్న ఆందోళన నిరాధారమైనది కాదు. దుర్వినియోగమైతే మార్ఫిన్ ప్రమాదకరం. అయితే ఆ ఆందోళన దేశంలో కొన్ని దశాబ్దాలపాటు అవసరమైన రోగులను కూడా మందుకు దూరంగా ఉంచింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పంట సాగవుతున్నది. నీమచ్, ఘాజీపూర్‌లలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. ఇతర దేశాల రోగుల నొప్పి తగ్గించే ముడి సరుకును ఎగుమతి చేసిన దేశంలోనే, 1985 చట్టం వచ్చిన తరువాత, ఆసుపత్రులు పలు శాఖల నుండి వేర్వేరు లైసెన్సులు తెచ్చుకోలేక మార్ఫిన్ నిల్వ ఉంచడం మానుకున్నాయి. ఒక లైసెన్సు చేతికి వచ్చేసరికి మరొకదాని గడువు ముగిసేది.

ఈ చిక్కును తొలగించడానికి పార్లమెంటు 2014లో చట్టాన్ని సవరించింది. మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులను 'అత్యావశ్యక మాదక ఔషధాలు'గా వర్గీకరించి, 2015లో దేశమంతటికీ ఒకే నిబంధనలు రూపొందించారు. వీటి ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి వద్ద 'గుర్తింపు పొందిన వైద్య సంస్థ'గా నమోదైన ఆసుపత్రి, ఈ విభాగంలో శిక్షణ పొందిన వైద్యుని ఆధ్వర్యంలో, ప్రతి మాత్రకూ లెక్క చూపుతూ, మార్ఫిన్‌ను నిల్వ చేసి రోగులకు ఇవ్వవచ్చును. పలు లైసెన్సుల అవసరం లేదు. జిల్లా, ఏరియా ఆసుపత్రుల పర్యవేక్షకులలో ఈ మార్పు తెలియనివారు ఇంకా ఉండవచ్చును. పాత భయంతో దరఖాస్తు చేయకపోవడం వలన నష్టపోయేది రోగి మాత్రమే.

నిబంధనను అతిక్రమించకుండానే దూరవైద్యాన్ని మార్ఫిన్‌తో జోడించే మార్గం ఉన్నది. రోగిని వైద్యుడు మొదట ఒకసారి ప్రత్యక్షంగా చూడాలి, ఆసుపత్రిలో గాని, ఇంటి సందర్శనలో గాని. అప్పుడే మార్ఫిన్ ప్రారంభించి, రోజువారీ మోతాదుతోపాటు "మధ్యలో నొప్పి విజృంభిస్తే ఇంత అదనంగా" అని కూడా చీటీలోనే స్పష్టంగా వ్రాయాలి. తరువాత ఏ.ఎన్.ఎం. లేదా ఎం.ఎల్.హెచ్.పి. ఇంటికి వెళ్ళి, వైద్యునితో ఫోనులో మాట్లాడించి, ముందే వ్రాసిన ఆ పరిధిలో మందు సరిగా వాడుతున్నారో లేదో చూస్తారు. మందు అయిపోయేలోపు కుటుంబ సభ్యుడు పాత చీటీలు, వైద్య పత్రాలతో సమీపంలోని గుర్తింపు పొందిన సంస్థకు వెళ్ళి తెచ్చుకుంటాడు. ఆ సంస్థ రెండు వందల కిలోమీటర్ల దూరంలో కాక, బస్సులో ఉదయం వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రాగల దూరంలో ఉండాలి. దూరవైద్యం విజయం ఇంటర్నెట్ వేగం కన్న ఈ దూరంపైనే ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

మార్ఫిన్ మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు. అందువల్ల నొప్పి వచ్చే వరకు ఆగక గడియారం చూసి వేయాలి. "మరీ భరించలేనప్పుడు వేద్దాం" అని మాత్రను దాచిపెట్టడం ఇళ్ళలో సర్వసాధారణమైన పొరపాటు. మలబద్ధకం తప్పనిసరిగా వస్తుంది కనుక విరేచనం సాఫీగా అయ్యే మందును మొదటి రోజు నుండే జతచేయాలి. తొలి రోజుల వికారం, మగత సాధారణంగా తగ్గిపోతాయి. లేపినా లేవనంత నిద్ర, శ్వాస మరీ నెమ్మదించడం కనిపిస్తే మాత్రం వెంటనే ఫోను చేయాలి. నొప్పికి వైద్యుని పర్యవేక్షణలో వాడినప్పుడు వ్యసనంగా మారడం అరుదు. అయినా మాత్రలను పిల్లలకు, ఇతరులకు అందకుండా తాళం వేసి ఉంచాలి. ఇవి ఒకసారి చెబితే గుర్తుండే విషయాలు కావు. వారానికొక ఫోను అవసరమయ్యేది ఇందుకే.

ఈ సందర్భంలో పత్రికలకు ఒక మనవి. వైద్యుని చీటీపై ఇచ్చిన మార్ఫిన్‌ను "మత్తు మాత్రలు" అని శీర్షికలలో పేర్కొన్నప్పుడు, ఆ మాట చదివిన కుటుంబం ఇంటిలోని రోగికి మందు మాన్పించే ప్రమాదం ఉన్నది.

కేరళ అనుభవం

ఉపశమన చికిత్సలో దేశానికి దారి చూపిన రాష్ట్రం కేరళ. కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ తదితరుల చొరవతో ప్రారంభమైన ఔట్ పేషెంట్ సేవ, తరువాతి కాలంలో పంచాయతీలు, స్వచ్ఛంద సేవకులు, సామాజిక నర్సుల ద్వారా ఇంటింటికీ విస్తరించింది. ఆ రాష్ట్రం 2008లో ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. గమనించవలసినది, అక్కడ ముందు వచ్చినది ఇంటికి వెళ్ళే మనిషి, ఫోను ఆ తరువాత. యంత్రంతో ప్రారంభించి మనిషిని తరువాత వెతుక్కుంటే ఫలితం అలా ఉండదు.

తెలుగు రాష్ట్రాలలోనూ బలమైన పునాది ఉన్నది. హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి ఉపశమన విభాగం సుదీర్ఘ అనుభవం గలది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాలలో ఉపశమన చికిత్సా కేంద్రాలను నెలకొల్పింది. న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో ప్రారంభించిన 'ఎకో' పద్ధతిలో, అంటే నిపుణులు, క్షేత్రస్థాయి వైద్యులు వీడియోలో కలిసి నిజమైన కేసులను చర్చించే పద్ధతిలో, పిల్లల ఉపశమన చికిత్సపై హైదరాబాద్ కేంద్రంగా శిక్షణ జరిగింది. రోగికి దూరవైద్యం అందించడం ఎంత అవసరమో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యునికి ఇటువంటి దూరశిక్షణ అంతకన్న అవసరమని చెప్పవచ్చును. మొదటిసారి మార్ఫిన్ వ్రాసే చేయి వణకకుండా ఉండాలంటే పక్కన అనుభవజ్ఞుడు ఉన్నాడన్న ధైర్యం కావాలి.

ఎవరి ముందు ఏ మాట

గ్రామంలో ఫోను ఏకాంత సాధనం కాదు. స్పీకరు పెట్టి, అరుగు మీద, నలుగురి మధ్య మాట్లాడడమే వాడుక. రోగికి తన వ్యాధి పేరు తెలియని ఇళ్ళు ఎన్నో. "అమ్మకు చెప్పకండి బాబూ" అని కొడుకు ముందే వేడుకుంటాడు. నగరంలోని వైద్యుడు వీడియోలో ఆ పేరు ఉచ్చరించిన క్షణాన, రోగితోపాటు వీధి అంతటికీ తెలిసిపోతుంది. కావున సంప్రదింపు ప్రారంభించే ముందు ఆరోగ్య కార్యకర్త రోగిని లోపలి గదిలోకి చేర్చి, ఎవరు ఉండాలో, ఎవరు ఉండనవసరం లేదో రోగినే అడగాలి. రోగికి ఎంతవరకు తెలుసు, ఎంత తెలుసుకోగోరుతున్నారు అన్నది వైద్యునికి ముందే చెప్పాలి. దాచిపెట్టమన్న కుటుంబం మాటను గౌరవించడం, రోగికి తెలుసుకునే హక్కును కాపాడడం, ఈ రెండింటి మధ్య మెలగడం ఎదురుగా ఉన్నప్పుడే కష్టం, తెర మీద మరింత కష్టం. వ్యాధి ముదిరిన సంగతిని మొదటిసారి చెప్పడానికి ఫోనును ఉపయోగించకపోవడమే ఉత్తమం.

సమ్మతి విషయంలో నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. రోగి తానుగా సంప్రదిస్తే సమ్మతి ఉన్నట్లే పరిగణిస్తారు. ఆరోగ్య కార్యకర్త గాని, సంరక్షకుడు గాని ప్రారంభిస్తే రోగి స్పష్టమైన సమ్మతి తీసుకుని నమోదు చేయాలి. ఉపశమన చికిత్సలో ఎక్కువ సంప్రదింపులు ఈ రెండవ కోవకు చెందినవే.

ఫోనుకు మరొక ప్రయోజనం ఉన్నది. వెరావల్ తీరాన పడవ మీద ఉన్న కొడుకును, చెన్నైలో భవన నిర్మాణంలో ఉన్న అల్లుడిని కూడా అదే సంభాషణలో కలుపవచ్చును. "ఇంకా పెద్దాసుపత్రికి తీసుకువెళ్దాం" అని దూరాన ఉన్నవారు పట్టుబట్టడం, ఇంటి దగ్గర ఉన్న ఆడవారు వద్దనలేక, సరేననలేక నలిగిపోవడం తరచుగా జరిగేదే. పొలం కుదువపెట్టి చేసే ఆఖరి ప్రయాణాలలో అనేకం ఇటువంటి తర్జనభర్జనల ఫలితమే. అందరూ ఒకేసారి వైద్యుని మాట వినగలిగితే నిర్ణయం భారం ఒక్కరిపై పడదు.

చివరి రోజులలో రోగి గొంతులో గురగుర శబ్దం వచ్చినప్పుడు కుటుంబం భయపడి అర్ధరాత్రి అంబులెన్సు పిలిచి, దారిలోనే రోగి కన్నుమూసే ఘటనలు ఉంటాయి. అది రోగిని ఎక్కువగా బాధించే లక్షణం కాదని, పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గుతుందని, పెదవులు తడిచేస్తూ ఉంటే చాలునని, ఆహారం బలవంతంగా పెట్టనవసరం లేదని రెండు రోజుల ముందే చెప్పి ఉంచితే, ఆ రాత్రి ఫోను చేసినప్పుడు ఆ మాటే మళ్ళీ చెప్పే గొంతు అవతల ఉంటే, చాలామంది రోగులు కోరుకున్నట్లు సొంత ఇంటిలో, తమవారి మధ్య వెళ్ళిపోగలరు. ఇందుకు రాత్రివేళ ఫోను ఎత్తే నర్సు ఒకరు జిల్లాకు ఉండాలి. పగలు మాత్రమే పనిచేసే హెల్ప్‌లైన్ ఈ సేవకు సరిపోదు.

రోగి మరణానంతరం ఏ.ఎన్.ఎం. ఒకసారి ఆ ఇంటికి వెళ్ళి, మిగిలిన మార్ఫిన్ మాత్రలను కుటుంబ సభ్యుల ఎదుట లెక్కించి, వ్రాసుకుని, ఇచ్చిన సంస్థకు తిరిగి అప్పగించాలి. పది, పదిహేను రోజుల తరువాత మరొకసారి ఫోను చేసి, రోగిని చూసుకున్న మనిషి ఎలా ఉన్నారో, అన్నం తింటున్నారో లేదో, నిద్ర పడుతున్నదో లేదో అడగాలి.